డబ్బా మీద 5జీ అని ఉంది, ఊళ్లో మాత్రం సిగ్నల్ లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాయిస్ మెసేజీలు చూస్తే చాలామందిది ఒకటే బాధ. ఫోన్ కొత్తదే, సిమ్‌లో రీఛార్జి ఉంది, టవర్ కళ్ల ముందే కనబడుతున్నది, అయినా పని కావడం లేదు. ఇందులో ఫోన్ ఖరాబైన కేసులు తక్కువ. ఫోన్‌కు, సిమ్‌కు, టవర్‌కు జత కుదరని కేసులే ఎక్కువ. అందుకని ఈ సంచికలో వేరే ప్రశ్నలు పక్కన పెట్టి నెట్‌వర్క్ ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. బాయి కాడ మోటరుకు ఫోన్‌తో నడిచే స్టార్టర్ పెట్టించి నాలుగేండ్లయింది. అందులో సిమ్‌కు రీఛార్జి ఖర్చు ఎక్కువైతున్నదని మా పిలగాడు జియో సిమ్ తెచ్చి వేసిండు. అప్పటి నుంచి ఫోన్ కలుస్తలేదు. అదే సిమ్ తీసి సెల్లులో వేస్తే మంచిగనే పనిచేస్తున్నది. మెకానిక్ స్టార్టరే ఖరాబైంది, కొత్తది కొనుమంటున్నడు. కొనాల్నా? (ఒక రైతు)

ఇప్పుడే కొనకండి అన్నా. మీరు చెప్పినదాన్ని బట్టి స్టార్టర్‌కు ఏమీ కాలేదు, మీరు వేసిన సిమ్‌కు, ఆ డబ్బాకు పొత్తు కుదరదు, అంతే.

ముందుగా మెయిన్ ఫ్యూజులు పీకి పక్కన పెట్టండి, త్రీఫేజ్ కరెంటు దగ్గర ఆటలొద్దు. తర్వాత మూత విప్పి చూస్తే లోపల ఒక చిన్న బోర్డు, దాని మీద రూపాయి బిళ్లంత చదరపు రేకు ముక్క ఒకటి అతికించి ఉంటుంది. ఫోన్ అందుకునేది అదే. ఇలాంటి స్టార్టర్లలో ఎక్కువగా వేసేది 2జీ మాడ్యూల్, ఎందుకంటే అది చవక, కరెంటు తక్కువ తాగుతుంది, మోటరు ఆన్ ఆఫ్ చేయడానికి అంతకన్నా అవసరం కూడా లేదు. జియో చూస్తే 2016 సెప్టెంబర్ 5న మొదలైన నాటి నుంచి 4జీతోనే నడుస్తున్నది, తర్వాత 5జీ పెట్టుకుంది. 2జీ దానికి ఏనాడూ లేదు. మాట్లాడే కాల్ కూడా డేటా మీదనే పోతుంది, దాన్నే వోల్టీ అంటారు. మీ డబ్బాలో మాడ్యూల్‌కు ఆ వోల్టీ తెలియదు కాబట్టి సిమ్ లోపల ఉన్నా టవర్‌తో దానికి మాటల్లేవు. మీ సెల్లు 4జీది, అందుకే అందులో అదే సిమ్ పనిచేసింది.

ఇంకో గుర్తు చెప్తాను. చాలా బోర్డుల మీద నెట్‌వర్క్ కోసం చిన్న లైటు ఒకటి ఉంటుంది. అది టకటకా, అంటే సెకనుకు ఒకసారి వెలుగుతుంటే ఇంకా టవర్ దొరకలేదని, మూడు సెకన్లకు ఒకసారి నిదానంగా వెలుగుతుంటే దొరికిందని అర్థం. వేరే కంపెనీ సిమ్ వేసి ఆ లైటు దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే మీకే తెలిసిపోతుంది.

ఏ సిమ్ వేయాలంటారా, 2జీ ఇప్పటికీ నడుపుతున్నవి ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్. మూడింటిలో ఏదనేది ఇంటి దగ్గర తేల్చొద్దు, బాయి దగ్గర తేల్చండి. ఆ సిమ్‌ను ఒక కీప్యాడ్ ఫోన్‌లో వేసుకుని స్టార్టర్ పక్కన నిలబడి ఒక కాల్ చేసి చూడండి. స్మార్ట్‌ఫోన్‌తో చూస్తే మాత్రం సెట్టింగుల్లో నెట్‌వర్క్ రకాన్ని 2జీ మాత్రమే అని పెట్టి చూడాలి, లేకపోతే అది 4జీ పట్టుకుని మీకు ఫుల్ సిగ్నల్ చూపిస్తుంది, తీసుకెళ్లి డబ్బాలో వేస్తే మళ్లీ అదే కథ. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే తీసేయండి. యాంటెన్నా తీగను ఇనుప డబ్బా లోపలే చుట్టి పెడుతున్నారు కొందరు, అది బయటికి, పైకి ఉండాలి.

రీఛార్జి సంగతికొస్తే, డేటా అక్కర్లేని వాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే విడిగా ప్యాక్‌లు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలకు నిబంధన పెట్టింది, అలాంటి ప్యాక్‌లు ఏడాది గడువుతో కూడా ఉన్నాయి. షాపులో అడిగితే ముందు డేటా ప్యాక్‌లే చెప్తారు, మీరు గట్టిగా అడగండి. మీ మోటరుకు రోజుకు రెండు జీబీ ఎందుకు?

ఎప్పుడైనా నిజంగా కొత్త స్టార్టర్ కొనాల్సి వస్తే అప్పుడు 4జీ వాయిస్ కాల్ తీసుకునేదే కొనండి. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని మూసేసి 2జీని మాత్రం ఉంచుకుంది, ఎందుకంటే కీప్యాడ్ ఫోన్లు, ఇలాంటి మిషన్లు దాని మీదే బతుకుతున్నాయి. అది ఎల్లకాలం అట్లే ఉంటుందని మాత్రం అనుకోలేం.

ప్రశ్న: హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాను, ఊరు ఏటూరునాగారం వైపు. మా ఊళ్లో బీఎస్ఎన్ఎల్ 4జీ వచ్చింది. కొనేముందు నెట్‌లో వెతికితే దానికి బ్యాండ్ 28 కావాలన్నారు, నా కొత్త 5జీ ఫోన్ డబ్బా మీద ఎన్28 అని ఉంది కదా అని కొన్నాను. తీరా ఊరికి పోతే పైన 'ఈ' అని చూపిస్తోంది. మా బాబాయి పాత ఫోన్‌లో మాత్రం 4జీ వస్తోంది. మోసపోయానా? (ఒక విద్యార్థి)

మోసం కాదు తమ్ముడూ, ఒక్క అక్షరం దగ్గర దెబ్బ తగిలింది. ఇంత వెతికి కొన్నవాడికే ఇలా అయితే వెతకని వాళ్ల సంగతి ఏమిటి? అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

టవర్, ఫోన్ మాట్లాడుకునే రేడియో తరంగాలను వాటాలుగా విడగొట్టి ఒక్కో వాటాకు ఒక్కో నంబరు ఇచ్చారు, వాటినే బ్యాండ్లు అంటాం. 28 అంటే 700 మెగాహెర్ట్జ్. అయితే అదే 700ను 4జీ పద్ధతిలో వాడితే బ్యాండ్ 28 లేదా బీ28 అంటారు, 5జీ పద్ధతిలో వాడితే ముందు ఎన్ చేర్చి ఎన్28 అంటారు. తరంగం ఒకటే, పద్ధతి వేరు. బీఎస్ఎన్ఎల్ మీ ఊళ్లో ఇస్తున్నది 4జీ. కాబట్టి నీకు కావాల్సింది 4జీ బ్యాండ్ల వరుసలో, అంటే ఎల్‌టీఈ అని రాసిన చోట, 28 ఉండటం. జియో తన 5జీకి ఎన్28 వాడుతుంది కాబట్టి మన దగ్గర అమ్మే చాలా 5జీ ఫోన్లలో అది పెడతారు, 4జీ వరుసలో మాత్రం 28 వదిలేసిన మోడళ్లు ఉన్నాయి. డబ్బా మీద 5జీ బ్యాండ్ల వరుస, 4జీ బ్యాండ్ల వరుస విడివిడిగా ఉంటాయి, రెండోది చదువు. డబ్బా లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో నీ మోడల్ నంబరు కొట్టు. పేరు కాదు, నంబరు. ఎందుకంటే ఒకే పేరుతో ఒక్కో దేశంలో ఒక్కో రకం బ్యాండ్లతో అమ్ముతారు.

అడవి ఊళ్లకు ఈ 700 ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ములుగు దాటి తాడ్వాయి రోడ్డు ఎక్కితే రెండు పక్కలా చెట్లే కదా. 5జీకి ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు తొమ్మిది సెంటీమీటర్ల లోపే, అది నీళ్లున్న ఆకుల మధ్య, గోడల మధ్య తొందరగా నీరసపడిపోతుంది. 700 తరంగం పొడవు దాదాపు 43 సెంటీమీటర్లు, ఎక్కువ దూరం పోతుంది, చెట్లను, గోడలను దాటుకుని వస్తుంది. 4జీ అందని పల్లెలకు, దేశమంతా కలిపి 24,680 ఊళ్లకు, బీఎస్ఎన్ఎల్ చేత టవర్లు వేయించాలని 2022 జులైలో కేంద్రం నిర్ణయం తీసుకుంది. మన దేశంలోనే తయారైన పరికరాలతో బీఎస్ఎన్ఎల్ 4జీని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు. అలాంటి టవర్ మీ ఊరికి వస్తే, చేతిలో ఫోన్‌కు ఆ బ్యాండే లేక అది అందకుండా పోవడం నిజంగా బాధగా ఉంటుంది.

అయితే ఆశ వదులుకోకు, ఫోన్ వాపస్ ఇచ్చే ముందు రెండు పనులు చెయ్యి. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700తో పాటు 2100 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 1 కూడా వాడుతుంది, అది దాదాపు అన్ని ఫోన్లలో ఉంటుంది. టవర్‌కు కొంచెం దగ్గరగా పోయి చూడు, 4జీ దొరికితే మీ టవర్‌లో అది కూడా ఉన్నట్టే. రెండోది నీ సిమ్ ఎప్పటిదో చూసుకో. పాత 2జీ, 3జీ కాలం సిమ్ అయితే ఎంత మంచి ఫోన్‌లో వేసినా 4జీ రాదు, 'ఈ' అనే వస్తుంది, అది 2జీ డేటాకు గుర్తు. ఆధార్ తీసుకుని బీఎస్ఎన్ఎల్ కస్టమర్ కేంద్రానికి పోతే అదే నంబరుతో 4జీ సిమ్ మార్చి ఇస్తారు. మీ బాబాయి ఈ మధ్య సిమ్ మార్చుకున్నాడేమో అడుగు, అసలు తేడా అక్కడే ఉండొచ్చు. ఇంకా సులువైన పరీక్ష, బాబాయి సిమ్ నీ ఫోన్‌లో వేసి చూడటం.

ప్రశ్న: మా అమ్మాయి పురుడుకని ఆరు నెలలు అమెరికా పోతున్నాను. నా ఫోన్ పన్నెండు వేలది, ఇక్కడ బాగానే ఉంది. అక్కడి సిమ్ వేస్తే పనిచేస్తుందా? ఇంకొకటి, మా అల్లుడు వాడిన ఐఫోన్ నాకు ఇస్తానంటున్నాడు, అది ఇండియాకు తెస్తే మన సిమ్ పడుతుందా? (ఒక తల్లి, కరీంనగర్)

అమ్మా, మీ ఫోన్ వైఫైలో అన్నీ చేస్తుంది, వాట్సాప్ వీడియో కాల్‌కు ఏ ఢోకా లేదు. అక్కడి సిమ్ వేసుకుని వీధిలోకి వెళ్తేనే అనుమానం. 2022లో అక్కడి మూడు పెద్ద కంపెనీలు, ఏటీ అండ్ టీ, టీ మొబైల్, వెరిజాన్, 3జీని పూర్తిగా మూసేశాయి. కాబట్టి కాల్ మాట్లాడాలంటే ఫోన్‌లో వోల్టీ వాళ్ల నెట్‌వర్క్‌లో కూడా పనిచేయాలి. ఏటీ అండ్ టీ అయితే తాము ఒప్పుకున్న మోడళ్ల జాబితా పెట్టుకుంది, అందులో లేని ఫోన్‌లో సిమ్ వేస్తే ఆపేస్తుంది. పైగా అక్కడ దూరం పోయే సిగ్నల్ అంతా 12, 13, 71 లాంటి బ్యాండ్ల మీద ఉంటుంది, మన దేశం కోసం చేసిన తక్కువ ధర ఫోన్లలో అవి పెట్టరు. ఖరీదైన శాంసంగ్‌లు, ఐఫోన్లలో చాలావరకు ఉంటాయి. మీ ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే *#06# కొడితే కనబడే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, అల్లుడికి పంపించండి. అక్కడి కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేస్తే పనిచేస్తుందో లేదో చెప్తుంది. టికెట్ బుక్ చేసుకునేటప్పుడే ఈ పని కూడా చేయించుకోండి, దిగాక టెన్షన్ ఉండదు.

మీ ఇక్కడి సిమ్‌ను మాత్రం తీసి బీరువాలో పెట్టి పోవద్దు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఆరు నెలలకు సరిపడా గడువున్న రీఛార్జి వేయించుకుని, ఫోన్‌లో రెండో సిమ్‌గా ఉంచుకోండి. డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, లేకపోతే బిల్లు పేలిపోతుంది.

ఐఫోన్ విషయానికొస్తే రెండు అడగాలి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అరే లేదు. ఈసిమ్, అంటే ఫోన్ లోపలే ఉండే సిమ్, అదొక్కటే గతి. మన దగ్గర జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈసిమ్ ఇస్తున్నాయి కాబట్టి అది పెద్ద సమస్య కాదు, మీ నంబరు ఈసిమ్‌గా మార్చుకోవచ్చు. అయితే ఈసిమ్ మార్పిస్తామని ఎవరైనా వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే మాత్రం ఏ కోడ్ చెప్పొద్దు, నంబరే వాళ్ల చేతిలోకి పోతుంది. రెండోది లాక్. అక్కడ వాయిదాల మీద కొన్న ఫోన్లు చాలావరకు ఆ కంపెనీ నెట్‌వర్క్‌కే కట్టేసి ఉంటాయి. ఫోన్ సెట్టింగుల్లో జనరల్, అందులో అబౌట్, అక్కడ కిందికి పోతే క్యారియర్ లాక్ అని ఉంటుంది. దాని ఎదురుగా నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటేనే తెచ్చుకోండి. లేకపోతే వాయిదాలు కట్టేసి అన్‌లాక్ చేయించి ఇమ్మని అల్లుడికి మొహమాటం లేకుండా చెప్పండి, ఇక్కడికొచ్చాక ఆ పని చేయించడం తలనొప్పి.

ప్రశ్న: కోరుట్ల నుంచి. దుబాయ్‌లో పదేండ్లు చేసి వచ్చిన. చెల్లె పెండ్లికని సీల్ విప్పకుండ శాంసంగ్ ఫోన్ తెస్తే ఇక్కడ ఏ సిమ్ వేసినా తీసుకుంటలేదు. బిల్లు కూడా ఉంది. ఏం చేయాలె?

అన్నా, ఆ డబ్బా మీద చిన్న స్టిక్కర్ ఏమన్నా ఉందా చూడండి. కొన్ని శాంసంగ్ మోడళ్లకు ప్రాంతం లాక్ ఉంటుంది. ఏ ప్రాంతానికి చేశారో ఆ ప్రాంతపు సిమ్ వేసి ముందు ఐదు నిమిషాలు కాల్ మాట్లాడాలి, ఆ తర్వాతే వేరే దేశం సిమ్ తీసుకుంటుంది. బహుమతి కదా అని సీల్ విప్పకుండా తెస్తారు, చిక్కు అక్కడే వస్తుంది. ఇప్పుడు చేయగలిగింది, అక్కడి సిమ్ మీ దగ్గర ఇంకా చాలూ ఉంటే రోమింగ్‌లో వేసి ఒక ఐదారు నిమిషాలు మాట్లాడి చూడటం, లేదా బిల్లు పట్టుకుని శాంసంగ్ సర్వీస్ సెంటర్‌కు పోవడం. గల్లీ షాపులో వందల రూపాయలు ఇచ్చి సాఫ్ట్‌వేర్ కొట్టించొద్దు, తర్వాత అప్‌డేట్లు రాక, బ్యాంకు యాప్‌లు తెరుచుకోక ఇబ్బంది పడతారు. ఇక ముందు ఎవరికైనా తెస్తే అక్కడే విప్పి, అక్కడి సిమ్‌తో మాట్లాడి, మళ్లీ ప్యాక్ చేసి తెండి. చెల్లె ఏమీ అనుకోదు.

ప్రశ్న: మేడారం జాతరకు పోయినప్పుడు సిగ్నల్ గీతలు ఫుల్ ఉన్నా కాల్ పోలేదు, మా అత్తమ్మ తప్పిపోతే రెండు గంటలు వెతికినం. ఫుల్ సిగ్నల్ ఉంటే ఎందుకు పోదు? (పరకాల)

ఆ రెండు గంటలు ఎట్లా గడిచి ఉంటాయో ఊహించగలం. గీతలు చెప్పేది టవర్ మాట మీ ఫోన్‌కు ఎంత గట్టిగా వినబడుతుందో మాత్రమే, మీకు చోటు ఉందో లేదో చెప్పవు. బస్సు ముందే ఆగి ఉంది, కాని లోపల కాలు పెట్టే సందు లేదనుకోండి, అట్లాంటిదే. జాతరకు కంపెనీలు బండ్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి పెట్టినా లక్షల మంది ఒకేసారి ఫోన్ తీస్తే అవీ నిండిపోతాయి. అలాంటప్పుడు కాల్ వదిలేసి ఎస్ఎంఎస్ పంపండి. అది చాలా చిన్నది, సందు దొరికినప్పుడు తనే దూరిపోతుంది. నెట్‌వర్క్‌ను 5జీ నుంచి 4జీకి, 2జీకి మార్చి చూడండి, ఒక్కోసారి 2జీ ఖాళీగా ఉంటుంది. కుటుంబంలో ఇద్దరి దగ్గర రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. పెద్దవాళ్ల జేబులో, కొంగు ముడిలో ఇంటివాళ్ల నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఫలానా చోట కలవాలని దిగగానే చెప్పుకోండి.

ప్రశ్న: అటక మీద మా బాపు వాడిన రిలయన్స్ సీడీఎంఏ ఫోన్ దొరికింది, చార్జింగ్ ఎక్కుతున్నది. ఏ సిమ్ అయినా పనిచేస్తదా? (జనగామ)

చేయదు. 2003లో 501 రూపాయలు కడితే ఫోన్ అని వచ్చిన రోజుల్లో మన పల్లెల్లో చాలా ఇళ్లకు మొదటి సెల్లు అలాంటిదే. సీడీఎంఏ వేరే పద్ధతి. అలాంటి చాలా ఫోన్లలో సిమ్ పెట్టే చోటే ఉండేది కాదు, నంబరు ఫోన్ లోపలే రాసి ఇచ్చేవారు. ఆ నెట్‌వర్క్ ఇప్పుడు దేశంలో ఎక్కడా లేదు. ఫోన్‌బుక్ తెరిచి చూడండి, బాపు దాచుకున్న నంబర్లు, ఎస్ఎంఎస్‌లు ఉండే ఉంటాయి, ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం తీసేయండి.

ప్రశ్న: హంటర్ రోడ్డులో కొత్త ఇల్లు కట్టుకున్నాం. డాబా మీద 5జీ, కింద బెడ్‌రూమ్‌లో కాల్ కట్. ఏం చేయాలి?

ఇంట్లో వైఫై ఉందా? ఉంటే ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి, చాలావరకు అయిపోయినట్టే. ఎయిర్‌టెల్, జియోలలో అదనపు చార్జీ లేదు, మామూలు నంబరుతోనే కాల్ పోతుంది. వైఫై లేకపోతే నెట్‌వర్క్‌ను 4జీకి మార్చి చూడండి, ఇనుము, కాంక్రీటు ఎక్కువ ఉన్న స్లాబు కింద 5జీ కన్నా అదే నిలకడగా ఉంటుంది. సిగ్నల్ బూస్టర్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నది కొనొద్దు, అనుమతి లేకుండా పెట్టడం నేరం, మీ గల్లీలో అందరి సిగ్నల్‌నూ అది పాడుచేస్తుంది.

ప్రశ్న: కంపెనీ మారాలనుకుంటున్నా. నంబరు పోతుందని భయం. (భూపాలపల్లి)

పోదు. దేశమంతటా 2011 జనవరి 20 నుంచి నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారే వీలుంది. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కి ఎస్ఎంఎస్ చేస్తే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే ఉంటుంది, ఆ లోపల ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకు పోవాలి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. ఈ వారంలోనే సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే మాత్రం ఏడు రోజులు ఆగాలి, 2024 జులై 1 నుంచి వచ్చిన నియమం అది, మీ నంబరు దొంగలు మార్చుకుపోకుండా పెట్టారు. అయితే మారే ముందు, మీరు పోదామనుకుంటున్న కంపెనీ సిమ్ ఉన్నవాళ్లను ఒకరిని రాత్రి భోజనానికి పిలిచి, మీరు పడుకునే గదిలో వాళ్ల ఫోన్‌తో ఒక కాల్ చేయించి చూడండి.